నీళ్లలో ఇల్లు, డోర్ నంబరు 4-32

మ్యాప్ ఆపమన్న చోటే బైకు ఆపాడు రాఘవేంద్రప్రసాద్. ఎదురుగా ఊరు లేదు. నీళ్లున్నాయి.

"ఇంకో రెండు వందల మీటర్లు నేరుగా వెళ్లండి" అని చేతిలోని ట్యాబ్ మర్యాదగా చెబుతోంది. నేరుగా అంటే రిజర్వాయర్ లోపలికి. నీళ్ల మధ్యలో మూడు కరెంటు స్తంభాల తలలు, వాటికి కాస్త పక్కగా ఒక వాటర్ ట్యాంకు నెత్తి. దాని మీద ఒక కొంగ. అది కూడా కదలడం లేదు.

మనోడి ఉద్యోగం చిన్నదే, దాని పేరే పెద్దది. సర్కారు, కంపెనీ కలిసి పల్లెల్లో ఫ్రీ వైఫై పెడుతున్నాయి. సర్కారు స్తంభం, గది, కరెంటు ఇస్తుంది. కంపెనీ వైరు, మిషను, ఒక మనిషిని ఇస్తుంది. ఆ మనిషి రాఘవ. ఆరు నెలలకోసారి రెండు వైపుల వాళ్లూ కలిసి తనిఖీ చేసి, ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. లేని మనుషుల పేర్లు ఎక్కించారని తేలితే మిషను పీకేస్తారు. అలాంటి పేర్లను కంపెనీలో గోస్ట్ అంటారు.

నాగరాయునిపల్లెలో నలభై ఒక్క గోస్టులు ఉన్నాయని ప్రొద్దుటూరు ఆఫీసుకు రిపోర్టు వచ్చింది. పోయి చూసి, నెలాఖరులోపు తేల్చమన్నారు.

ఫోన్ తీసి చూశాడు. 'నాగరాయునిపల్లె' అని వైఫై పేరు కనబడుతోంది, సిగ్నల్ నిండుగా ఉంది. కనుచూపు మేరలో మిషను లేదు, ఇల్లు లేదు. వెనక రాళ్లగుట్ట, ముందు నీళ్లు, నెత్తిన ఎండ.

సరిగ్గా మూడు గంటలకు, ట్యాబ్ మ్యాపులో, ఎదురుగా నీళ్లున్న చోట, ఒక పచ్చచుక్క వెలిగింది. ఎవరో లాగిన్ అయ్యారన్నమాట. దాని పక్కన ఇంకోటి. ఆపైన వరసగా నాలుగు. మధ్యాహ్నం నిద్రలేచి ఇంటింటా తలుపులు తీస్తున్నట్టు, వీధి వెంబడి వీధి, నీళ్ల కింద ఊరంతా వెలుగుతోంది. తలెత్తి చూస్తే నీళ్లు మాత్రం నున్నగా, అద్దంలా ఉన్నాయి.

మూడూ పదిహేడుకు ఆఖరి చుక్క వెలిగింది. డోర్ నంబరు 4-32.

"ఎవరింటికి పోవల్ల?"

వెనక నుంచి ఆడగొంతు. తిరిగి చూస్తే ఒక అమ్మాయి. నీలం చుడీదార్, భుజాన గుడ్డసంచి. ఎప్పుడొచ్చిందో, ఎటునుంచి వచ్చిందో చప్పుడే లేదు.

"నాలుగు బై ముప్పైరెండు." నోటికి ఏది తోస్తే అది అనేశాడు.

ఆ అమ్మాయి ముఖంలో ఏదో మెరిసి ఆరిపోయింది. తర్వాత చెయ్యెత్తి నీళ్లలోకి చూపించింది. "ఆ మూడో స్తంభం కాడ ఎడంపక్కకు తిరుగు. రెండిండ్లు దాటినాక నీలం తలుపులు. కొంచెం గట్టిగా పిలవల్ల, లోపలికి ఇనపడదు."

రాఘవ ఇంజనీరింగ్ చదివాడు, హైదరాబాదులో నాలుగేళ్లు ఉన్నాడు. అయినా సరే, కళ్లు వాటంతటవే ఆమె పాదాల మీదికి పోయాయి. పాదాలు తడిగా ఉన్నాయి.

"ముందుకే ఉండాయి. బాగా చూస్కో" అందామె.

"లేదండీ, నేను ఊరికే..."

"ఊరికే ఆడపిల్లోళ్ల కాళ్లు చూసేటోళ్లను మా ఊర్లో ఏమంటారో తెలుసునా?"

గబగబా తన పేరు, కంపెనీ పేరు, వచ్చిన పని చెప్పుకున్నాడు. అంత పొడుగు పేరు మీ ఫారంలో పడుతుందా అని అడిగిందామె. ఆమె పేరు మంజుశ్రీ. గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్. తనిఖీ కాగితం మీద సర్కారు వైపు సంతకం పెట్టాల్సింది ఆమే.

"అయితే ఈ నలభై ఒక్క గోస్టులు..." అన్నాడు రాఘవ.

"నిన్ను కలిపితే నలభై రెండు. ముఖం అట్లుండాది. పా, నీళ్లు తాగుదువు."

*

గుట్ట చుట్టూ తిరిగితే ఊరుంది. గుట్ట నడుమెత్తున కాలనీ, దాని చివర స్తంభం, స్తంభం మీద రాఘవ కంపెనీ మిషను. నాగరాయునిపల్లె ముంపులో పోతే జనాన్ని తెచ్చి ఇక్కడ పెట్టారు. ఊరు మారింది, పేరు మారలేదు. ఇంకోటి కూడా మారలేదని వైఫై సెంటర్ గదిలో అడుగుపెట్టాక తెలిసింది.

గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఇక్కడ మూడైతే కువైట్‌లో పన్నెండున్నర, అన్నాల వేళ. గుట్ట అడ్డం కాబట్టి కాలనీలో ఏ టవరూ అందదు. ఉన్నదల్లా ఈ వైఫై. జానీబీ అనే పెద్దావిడ కూతురు షబీనాతో మాట్లాడుతోంది. కువైట్‌లో ఒకరింట్లో పనికి కుదిరిన షబీనాకు అమ్మ ముఖం చూడటానికి దొరికేది ఈ అరగంటే.

మీ డోర్ నంబరు ఎంతమ్మా అని అడిగాడు రాఘవ.

"రెండు బై పదునాలుగు."

అది నీళ్లలో కదా, ఇక్కడి ప్లాట్ నంబరు చెప్పమన్నాడు. జానీబీ అతన్ని జాలిగా చూసింది.

"అది ఆఫీసరు గీసిచ్చిండే గళ్ల నంబరు నాయనా. నా ఇంటి నంబరు రెండు బై పదునాలుగే. నీ మిషనుకు నా ఇల్లు కనపడకపోతే నేనేం చేసేది?"

వరసగా అందరూ అంతే. ఒక్కరు కూడా ప్లాట్ నంబరు చెప్పలేదు. సాయంత్రం ఒడ్డుకు నడిచిపోతే కూడా 'ఊరికి పోయొస్తాం' అంటారట. కంపెనీ కొన్న మ్యాపేమో నీళ్లు రాకముందుది. జనం పాత నంబర్లు చెప్పారు, మ్యాపు వాళ్లను బుద్ధిగా పాత ఇళ్లలో కూర్చోబెట్టింది. గోస్టులు గుట్టుగా బతుకుతున్న మనుషులే.

ఆ సాయంత్రానికి నలభై మంది తేలారు. మిగిలింది ఒక్కటి. 4-32, పేరు రమణమ్మ.

ఆ ఇల్లు అంగడి రామకృష్ణయ్యదని జనం చెప్పారు. రమణమ్మ ఆయన భార్య. నీళ్లొచ్చిన ఏడాదే చనిపోయింది.

రాఘవ మంజుశ్రీ వైపు చూశాడు. ఆమె కంప్యూటర్లోకి చూస్తోంది. దాని స్క్రీన్ ఆఫ్‌లో ఉంది.

*

ఒక్క గోస్టు మిగిలినా సంతకం చెల్లదు. కాబట్టి రాఘవ మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సింహాద్రిపురంలో వైరు తెగిందని ఆఫీసులో చెప్పి ఇటొచ్చాడు. పెద్దముడియంలో మీటింగని చెప్పి ఇటొచ్చాడు. ఒకరోజు మేనేజరు పులివెందుల నుంచి ఫోన్ చేసి ఎక్కడున్నావంటే, దారిలో ఉన్నానన్నాడు. ఏ దారో చెప్పలేదు.

వచ్చిన ప్రతిసారీ జమ్మలమడుగు బస్టాండు దగ్గర మరమరాల ఉగ్గాని, బజ్జీలు పొట్లం కట్టించుకొచ్చేవాడు. బజ్జీలు తాను తిని ఉగ్గాని అతనికి తోసేది మంజు. జమ్మలమడుగు బజ్జీ మెత్తగా ఉంటుందని వంకలు పెడుతూ పొట్లం ఖాళీ చేసేది. మూడు గంటలు కాగానే మాత్రం సంచి భుజాన వేసుకుని, ఊరికి పోయొస్తానని లేచేది. తోడు రానా అంటే ఒద్దనేది. ఆమె అటు వెళ్లిన కాసేపటికి, మూడూ పదిహేడుకు, 4-32 వెలిగేది. నాలుగు నిమిషాలుండి ఆరిపోయేది.

కిటికీలోంచి రాఘవ గుట్ట అంచు కేసి చూస్తూ కూర్చునేవాడు. చనిపోయిన ఆవిడ నీళ్ల కింద ఏం చూసుకుంటోంది? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా వీపు చల్లబడేది. చుక్క ఆరాక మంజు నవ్వుతూ తిరిగొస్తుంటే గుండె వెచ్చబడేది. ఒకే చుక్క వల్ల రెండూ ఎట్లా అవుతాయో అర్థమయ్యేది కాదు.

ఇరవై తొమ్మిదో తారీఖు వాన పట్టుకుంది. ఇద్దరూ సెంటర్ వసారాలో ఇరుక్కున్నారు. ధారల వెనక రిజర్వాయర్ కనబడటం లేదు, చప్పుడొక్కటే వస్తోంది, ఎవరో వందమంది గుసగుసలాడుతున్నట్టు.

"ఈ నెల మొత్తం లాగ్ చూశాను మంజూ" అన్నాడు. ఎప్పుడు 'మీరు' పోయి 'మంజూ' వచ్చిందో ఇద్దరికీ గుర్తులేదు. "పన్నెండో తారీఖు ఒక్కరోజే వెలగలేదు. ఆరోజు నువ్వు కడపలో ట్రైనింగుకు పోయావు."

మంజు వాన వైపు తిరిగింది. తర్వాత సంచిలోంచి ఒక పాత ఫోను తీసింది. మూల పగిలింది, వెనక వేంకటేశ్వరస్వామి స్టిక్కరు.

"మా అవ్వ రమణమ్మది" అంది.

అవ్వ పోయాక తాత అన్నం మానేశాడట. పది రోజులు మజ్జిగ మీదే ఉన్నాడు. ఒకరోజు మంజుకు వినబడకుండా అవ్వ నంబరుకు వాట్సాప్‌లో వాయిస్ పంపాడు. ఆ ఫోను మంజు దగ్గర ఆన్‌లోనే ఉంది కాబట్టి రెండు టిక్కులు పడ్డాయి. ఆయన ముఖం ఎట్లా వెలిగిందో చూసి, మంజు పోయి దాన్ని తెరిచింది. టిక్కులు నీలంగా మారాయి. ఆ పూట తాత అన్నం తిన్నాడు.

"అప్పట్నుంచి దినామూ అంగడి కట్టేసి, తిని, ఏం తిన్యాడో అవ్వకు చెప్తాడు. చెప్పల్ల కాబట్టి తింటాడు. నేను ఒడ్డుకు తీస్కపోయి తెరుస్తా. ఇంట్లో తెరిస్తే... ఏమో, ఇంటికి చేరినట్టు అనిపించదు. పన్నెండో తారీఖు ఒక్క టిక్కే పడె. మీ అవ్వకు నా మింద కోపమొచ్చిందని ఆ పొద్దు పస్తు పండుకొన్యాడు."

వాన గొంతు పెంచింది.

"రేపు నువ్వు గోస్ట్ అని రాస్తే మిషను పోతాది. జానీబీకి షబీనా ముఖం పోతాది, తాత టిక్కులు పోతాయి. అట్లని నా కోసం అబద్ధం రాయొద్దు. నాకది వద్దు."

రాఘవ పాత ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇది వాడేది ఎవరు?"

"నేనే."

"మరి నీ పేరు రాస్తే అబద్ధం ఎట్లా అవుతుంది? పేరు మార్పు ఫారం ఒకటుంది. డోర్ నంబరు ఉన్నదే ఉంచుదాం. అది మీ ఇల్లే కదా."

మంజు తల తిప్పుకుంది. ముఖం మీద పడింది వాన జల్లో, ఇంకోటో, రాఘవ అడగలేదు.

*

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం, కువైట్ ఫోన్లు అయి జనం వెళ్లేసరికి సెంటర్‌లో ఇద్దరే, ఫారాల్లో పడి టైమే చూసుకోలేదు. పేరు మార్పు ఫారం నింపారు. తనిఖీ కాగితంలో 'గోస్టులు' అన్నచోట రాఘవ సున్నా చుట్టాడు. కిందుగా రెండు గీతలు: ప్రభుత్వ పక్షం, ప్రైవేటు పక్షం.

"ఈ ఒప్పందం ఎన్నేండ్లు?" పెన్ను పట్టుకుని అడిగింది మంజు.

"ఐదు. ఇష్టముంటే పొడిగించుకోవచ్చు."

"ఎవరికి ఇష్టముంటే?"

"ఇద్దరికీ. ఒక్కరి సంతకం చెల్లదు." కాగితం ఆమె వైపు జరిపాడు. "నేను కాగితం గురించి అడగడం లేదు మంజూ."

"తెలుసు. నేను కూడా కాగితం గురించి చెప్పడంలా." సంతకం పెట్టింది. చెవుల దాకా ఎర్రబడింది. "నీ పేరు పొడుగు. గీత దాటకుండా రాయి."

రాఘవ పేరు గీత దాటింది. అది చూసి ఇద్దరూ నవ్వారు, నవ్వు ఆగలేదు, నవ్వుతూ నవ్వుతూ మంజు గోడ గడియారం చూసి ఆగిపోయింది.

మూడూ నలభై.

సంచిలోంచి పాత ఫోను లాగింది. నల్లగా ఉంది. నిన్నటి వానకు కరెంటు పోతే ఛార్జింగ్ పెట్టలేదు, పొద్దున్నుంచీ చచ్చే పడుంది. ఇద్దరూ పరుగు తీశారు.

రామకృష్ణయ్య అరుగు మీద, కడిగిన కంచం పక్కన కూర్చుని తుండుతో విసురుకుంటున్నాడు. తిన్నట్టే ఉన్నాడు. కోపంగా లేడు. పైగా రాఘవను కిందికీ మీదికీ చూసి మీసాల చాటున నవ్వుతున్నాడు.

"తాతా, ఈ పొద్దు అవ్వకు పంపితివా?" మంజుకు రొప్పు తగ్గలేదు.

ఫోను నొక్కాడాయన. ఆయన గొంతే వినబడింది.

"రమణా, తింటి. వంకాయ కూర. ఇంగో మాట. ప్రొద్దుటూరు పిల్లోడొకడు, బట్టలంగడోళ్ల కొడుకు, మిషను బాగుచేసేకని నెల పొద్దుగా వస్తాండాడు. మిషను బాగానే ఉండాది. మన మంజుకూ వాడంటే ఇష్టమున్నట్టుండాది. నాకైతే సరే. నీకెట్లుందో చెప్పు."

కింద రెండు టిక్కులు. నీలంగా. టైము మూడూ పదిహేడు.

"ఇన్యాది" అన్నాడు తాత. "ఏమీ అనలా. మీ అవ్వ ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే, యాభై ఏండ్లు చూస్తి కదా. ఏమబ్బీ, ఈతూరి వచ్చేటప్పుడు మీ నాయనను పిల్చుకొని రా."

లోపలికి పోయాడు, కాఫీ పెట్టడానికి.

మంజు చేతిలో పాత ఫోను అట్లాగే నల్లగా ఉంది. బటన్ నొక్కింది. ఏమీ రాలేదు. రాఘవ నెమ్మదిగా ట్యాబ్ తెరిచాడు. మూడో స్తంభం దగ్గర ఎడంపక్క, రెండిళ్లు దాటాక, 4-32. ఈపాటికి ఎప్పుడో ఆరిపోవాల్సిన పచ్చచుక్క వెలుగుతూనే ఉంది.

గుట్ట అవతల నుంచి నీళ్ల వాసన మోసుకుని ఒక చల్లటి గాలి వచ్చి, మంజు చున్నీ అంచును ఎగరేసి రాఘవ చేతి మీద వేసి పోయింది. ఎవరో సర్దినట్టు.

"కాగితంలో గోస్టులు ఎంతమందని రాస్తివి?" గుసగుసగా అడిగింది మంజు.

"సున్నా."

"అట్నే ఉండనీ" అంది, చున్నీ వెనక్కి తీసుకోకుండా.