పదిహేడు తలలు

దీనమ్మ కొంగు మీద రక్తం ఇంకా ఆరలేదు. ఆ అరబ్బు దేశపు నగరంలో, ఉమ్ ఘువైలినా పేటలోని ప్రైవేట్ డిటెక్టివ్ అరుంధతి ఆఫీసులోకి దూసుకొచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పాత పటాలు బాగుచేసే మా ఆయన డేనియల్ తల పగలగొట్టేశారండి. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మా మేనల్లుడు ఆస్టిన్‌ని పోలీసులు పట్టుకున్నారు. శుక్రవారం చర్చి ప్రార్థన మధ్యలో లేచి మామయ్యకి టిఫిన్ పట్టుకెళ్ళాడండి, అంతే! శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే హంతకుడన్నారు."

"ఏమన్నా పోయిందా?"

"చైనా పటం. నూటపాతికేళ్ళ నాటిది. పరాయి సైన్యాలు పట్టుకున్న కోట ఊరండి. ద్వారానికో జెండా. ఉత్తర ద్వారానికి పదిహేడు తలకాయలు వేలాడదీసుంటాయి. కొనేవాళ్ళకి ఆ తలలు వద్దంట, తుడిచెయ్యమన్నారు. చచ్చినోళ్ళని మళ్ళీ చంపనన్నాడు మా ఆయన."

అసిస్టెంట్ షాదాబ్ అప్పటికే కారు తాళాలు తీశాడు. ఒకప్పుడు బర్వా అల్ బరాహాలో కూలీల క్యాంప్ సూపర్‌వైజర్. మేడమ్ అడిగితే గోడ కూడా నోరు విప్పుతుందని అతని నమ్మకం.

అల్ రయ్యాన్‌లో డేనియల్ పనిచేసిన విల్లాలో ఒక సేఠ్ పాత పటాల సేకరణ ఉంది. వర్క్‌షాపు నేలంతా రక్తం. శవం పక్కన, కాగితాల మీద బరువుకు పెట్టే నల్లరాయి. దానికి వెంట్రుకలు అంటుకున్నాయి. పటాన్ని అంచులంట అతికించి ఆరబెట్టిన పెద్ద చెక్కపలక గోడకు నిలబెట్టి ఉంది. చుట్టూ కాగితపు అంచు మాత్రమే మిగిలింది. ఆ అంచు మీదా, మధ్యలో బోసిపోయిన చెక్క మీదా రక్తపు చుక్కలు చిమ్మి ఉన్నాయి. కింది మూలలో అంచు నుంచి ఒక వెదురు పుల్ల పొడుచుకొచ్చింది.

అరుంధతి ముందు కాపలాదారు గౌస్ మొహియుద్దీన్‌ని అడిగింది. "బయటోళ్ళెవరన్నా వచ్చిండ్రా?"

"మాఫీ మేడమ్, ఎవ్వరు రాలే. మేనేజర్ సాబ్ లోపల్నే ఉండె. తర్వాత ఆస్టిన్ వచ్చిండు. గంతే."

సేఠ్ మేనేజర్ గురుప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు. "పదకొండుకి వచ్చాను. డేనియల్ చచ్చి పడున్నాడు. పటం పలక మీదే ఉంది. పోలీసులకి ఫోన్ చేద్దామని గేటు దాకా వెళ్ళొచ్చేసరికి ఆస్టిన్ ఉన్నాడు, పటం లేదు. ఇంకేం కావాలండీ?"

"పటం ఉందా? మీ కళ్ళతో చూశారా?"

"ఒట్టు!"

అందరినీ పలక ముందు నిలబెట్టింది అరుంధతి. సంకెళ్ళతో ఆస్టిన్, పక్కన పోలీసు కెప్టెన్, బల్ల దగ్గర దీనమ్మ, గురుప్రసాద్.

"ఆస్టిన్, ఆరిన పటాన్ని ఎలా తీస్తారు?"

"ఆ పుల్లతోనండి. అతికించేటప్పుడే మూల దగ్గర సందు వదిలి పుల్ల దూరుస్తాం. దాన్ని అంచు చుట్టూ నడిపితే ఊడొస్తుంది. చాకు పెట్టామంటే మామయ్య చేతులు విరగ్గొట్టేవాడు."

"పుల్ల కదల్లేదు, అంచు చాకుతో కోశారు. ఈ పని తెలిసినవాడు చెయ్యలేదు. ఇక రక్తం. డేనియల్ దెబ్బ తిన్నప్పుడు పటం పలక మీదే ఉంటే రక్తం పటం మీద పడాలి. చెక్క మీదికెలా వచ్చింది?"

షాదాబ్ గురుప్రసాద్ వైపు తిరిగాడు. "యల్లా, తొందరగా చెప్పు సార్," అన్నాడు.

"ముందు పటం కోశారు. డేనియల్ అడ్డుపడ్డాడు. రాయి పడింది. చచ్చాక పటం చూశానన్నవాడు ఒక్కడే. పచ్చి అబద్ధం గురుప్రసాద్ గారూ! తలలు చెరిపే మరో చేతికి ఇచ్చి, పటం అమ్ముదామనుకున్నారు."

గురుప్రసాద్ బల్ల మీది కట్టర్ లాక్కుని దీనమ్మ గొంతుకు ఆనించాడు. "తప్పుకోండి! నాలుగు రంగు చుక్కల కోసం నా బతుకు నాశనం చేశాడు!"

షాదాబ్ స్టూలు ఎత్తి అతని మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినపడింది. కట్టర్ జారింది. దీనమ్మ మెడ మీద సన్నటి ఎర్ర గీత మిగిలింది. ఆమె వంగింది. కింద పడ్డవాడి ముఖం మీద ఉమ్మింది.

పటం అతని కారు డిక్కీలో, మ్యాట్ కింద పరిచి దొరికింది. చుడితే రంగు రాలుతుందని డేనియల్ చెప్పిన ఆ ఒక్క మాటే విన్నాడు.

సంకెళ్ళు తీశాక ఆస్టిన్ మామయ్య బల్ల మీద పటం పరిచాడు. రక్తం కడుక్కున్న వేలు గాల్లోనే కదిలిస్తూ, ఉత్తర ద్వారం దగ్గర ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"పదిహేడు ఉన్నాయి అత్తయ్యా," అన్నాడు.