పల్లీలు ఏరేసిన సర్వపిండి

తెల్లారకముందే వంటింట్లో కుక్కర్ కూత వేయడంతో గోపయ్యకు మెలకువ వచ్చింది. ప్రయాణమంటే ఆ ఇంట్లో ఇప్పుడు బట్టలు సర్దడం కాదు, డబ్బాలు సర్దడం. కోడలు సరిత మనవరాలి కోసం విడిగా ఉంచిన గిన్నెలో పప్పన్నం వండి, విడిగా ఉంచిన గరిటెతో కలిపి, స్టీలు డబ్బాకి ఎత్తుతోంది.

"చెల్లె ఇంటికి పోతున్నమా, కరువు సీమకు పోతున్నమా బిడ్డా?" అన్నాడు గోపయ్య.

"లాలికి పల్లీ పడదు కద మామయ్యా. బయట ఎవలు ఏం కలుపుతరో ఏమెరుక?"

"మేమంత పల్లీలు బుక్కే పెరిగినం. ఒక్కనికన్న ఏమన్న అయిందా?"

సరిత డబ్బా మూత బిగించింది. నిరుడు బడిలో ఎవరో పంచిన పల్లీపట్టీ కొరికి లాలి మూతి వాచి, ఊపిరాడక దవాఖానాలో పడింది. అప్పుడు గోపయ్య ఊళ్లో లేడు. ఆయన తిరిగొచ్చేసరికి పిల్ల వాకిట్లో గెంతుతూ కనిపించింది. కంటితో చూడని రోగం మీద ఆయనకు నమ్మకం కుదరలేదు, అంతే.

గోపయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య బతుకమ్మ పోయాక మణుగూరు క్వార్టర్లో ఆయనకు మిగిలిన లోకం ఆరేళ్ల లాలియే. అడిగిందల్లా కొనిస్తాడు, భుజం మీద ఊరంతా తిప్పుతాడు. తన చేత్తో ఒక్క ముద్ద పెట్టబోతే మాత్రం సరిత ఎక్కడున్నా వచ్చి కంచం అందుకుంటుంది. ఆ ఒక్కటే ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

కొడుకు చందర్‌కు మొదటి షిఫ్టు. అందుకని పక్క క్వార్టర్ కోటేష్ నడిపే కారు కిరాయికి మాట్లాడుకుని మామా కోడలూ పిల్లా బయలుదేరారు. గోపయ్య చెల్లెలు మంగమ్మ దుమ్ముగూడెం దగ్గరి పల్లెలో కొత్తిల్లు కట్టుకుంది. పాలు పొంగించిన రోజు అన్న రాలేదని అలిగి కూర్చుంది.

భద్రాచలంలో టిఫిన్‌కు ఆగారు. లాలి ఇడ్లీ కావాలంది. సరిత లేచి వెళ్లి వడ్డించే అతన్ని పట్టుకుంది. ఏ నూనె? చట్నీలో ఏం వేశారు? ఆ గరిటె ఇడ్లీకి తగులుతుందా? వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. గోపయ్యకు తల కొట్టేసినట్టయింది.

"జల్దీ రా బిడ్డా, అందరు మనల్నే సూస్తున్రు."

"సూడనీయండి మామయ్యా. గరిటె ఒక్కటేనట. ఇక్కడొద్దు."

లాలి బిస్కెట్టు కొరుకుతూ, తాత ప్లేటులో ఇడ్లీ చివరి ముక్కదాకా చూసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది గోపయ్యకు.

మంగమ్మ అన్నను చూడగానే అలక మరిచిపోయింది. ఆయనకిష్టమని బియ్యప్పిండిలో పల్లీలు కలిపి, రొట్టెలా ఒత్తి కాల్చే సర్వపిండి చేసి ఉంచింది. కానీ సరిత డబ్బా మూత తీసి పిల్లకు తినిపిస్తుంటే ఆమె మొహం చిన్నబోయింది.

"మా కొత్తింట్ల పిల్ల మెతుకు ముట్టదా? మేమంత పరాయోళ్లమైనమా అన్నా?"

సరిత నెమ్మదిగానే వివరించింది. మంగమ్మ "సరే తీ" అని సర్వపిండి పళ్లెం అన్న ముందుకు జరిపింది. కాసేపటికి తేరుకుని, మేడ మీద నుంచి గోదావరి కనబడుతుందంటూ సరితను పైకి తీసుకెళ్లింది.

కింద తాతా మనవరాలూ మిగిలారు, మధ్యలో సర్వపిండి పళ్లెం.

"తాతా, అది పిజ్జా లెక్కనే ఉంది," అంది లాలి.

ఆ మాటకు గోపయ్య ప్రాణం కొట్టుకుపోయింది. ఒక ముక్క తుంచి కిటికీ వెలుగులోకి పట్టుకెళ్లాడు. పైకి కనిపించే పల్లీ పలుకులను గోటితో ఒక్కొక్కటే పెకిలించాడు. పిండిలో దాక్కున్న బద్దల కోసం విరిచి చూశాడు. ఎర్రటి పొట్టు కూడా ఊది పారేశాడు. ఇంత శ్రద్ధగా ఆయన జీవితంలో బియ్యంలో రాళ్లు కూడా ఏరి ఉండడు.

"ఇగ దీంట్ల పల్లీయే లేదు. తిను బిడ్డా. మీ అమ్మకు మాత్రం చెప్పకు, సరేనా?"

లాలి తలూపి నోరు తెరిచింది. రెండు ముద్దలు తింది. గోపయ్య కడుపు నిండిపోయింది.

సరిత మెట్లు దిగి వచ్చేసరికి లాలి మెడ గోక్కుంటోంది. చూస్తుండగానే బుగ్గల మీద దద్దుర్లు లేచాయి, కళ్లు ఉబ్బాయి, దగ్గు మొదలైంది. సరిత సంచిలోని మందు తాగించి పిల్లను ఎత్తుకుని కారు వైపు పరుగెత్తింది.

"ఏం తిన్నవే? చెప్పే బంగారూ, ఏం తిన్నవ్?"

లాలి అడ్డంగా తలూపింది. ఊపిరి ఈల వేస్తున్నా తలే ఊపింది. ముందు సీట్లో గోపయ్య వెనక్కి తిరగకుండా రోడ్డునే చూస్తున్నాడు. బాయిలోకి దిగేముందు జేబులు తడిమేవాళ్లు. అగ్గిపెట్టె దాకా ఎందుకు, ఒక్క అగ్గిపుల్ల దొరికినా ఇంటికి పంపేవాళ్లు. ఒక్క పుల్లకే ఏమవుతుందని ఆయన ఒక్కనాడూ వాదించలేదు. బాయిలో నిప్పు తగిలితే పేలే గ్యాస్ కూడా కంటికి కనిపించేది కాదు. ఆ బుద్ధి ఇవాళ ఏ గంగలో కలిసిందో!

దుమ్ముగూడెం దవాఖానాలో డాక్టరు చూసీ చూడగానే సూది ఇచ్చి ఆక్సిజన్ పెట్టాడు. "ఏం తిన్నది?"

"నా డబ్బాల అన్నమే సార్. ఇంకేం తినలె," అంది సరిత. "నా వంటలనే ఏమన్న కలిసిందో ఏమో..."

చేయని తప్పు ఆమె నెత్తిన వేసుకుంటుంటే గోపయ్య ఇక ఆగలేకపోయాడు.

"నేనే పెట్టిన సారూ. సర్వపిండి. పల్లీలు ఏరేసే పెట్టిన..."

సరిత మామగారి వైపు తిరిగి చూసి, మళ్లీ పిల్ల వైపు తిరిగింది. పిల్ల ఊపిరి కుదుటపడ్డాక వరండాలోకి వచ్చింది.

"ఏరి పెట్టిన్రు. మీకు తెల్వక పెట్టిన్రు. దానికి నాకు కోపం లేదు మామయ్యా. చెప్పొద్దని ఎందుకన్నరు?"

గోపయ్య గోళ్ల సందుల్లో మిగిలిన పిండిని తుడుచుకున్నాడు.

"గొంతు మూసుకపోతుంటే గూడ అది మీ మాట తప్పలె. నేను గంతగనం అడుగుతుంటే తల అడ్డంగ ఊపింది. అట్లనే పోయి ఉంటే? నాకు ఎట్ల పోయిందో గూడ తెల్వకపోవు!" సరిత గోడకు చేరగిలబడి ఏడ్చేసింది.

"తప్పయింది బిడ్డా. నా చేత్తోని ఒక్క ముద్ద తింటె సూడాల్ననుకున్న. గంతే. నా చెయ్యే దాని పానం మీదికి తెచ్చింది." ఆయన కూడా పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రానికి లాలి కళ్లు తెరిచి ఆకలంది. రాత్రికి ఇక్కడే ఉండాలన్నాడు డాక్టరు. డబ్బా మంగమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. సరిత పిల్ల దగ్గరి నుంచి కదిలే స్థితిలో లేదు.

"నేను పోయి హోటల్ల ఏమన్న తెస్త," అని లేచాడు గోపయ్య. ఆమె చూపులో జంకు కనబడి మళ్లీ అన్నాడు. "ఏమేం అడగాల్నో చెప్పు బిడ్డా. ఒక్కటి గూడ మర్వ."

ఆమె చెప్పింది. ఆయన బడిపిల్లాడిలా వల్లించుకుంటూ వెళ్లాడు.

మొదటి హోటల్లో ఉప్మా ఉంది. గరిటె గురించి అడిగితే "తినేటోనివా, తనిఖీ చేసేటోనివా పెద్దాయనా?" అన్నాడు యజమాని. పక్కవాళ్లు నవ్వారు. గోపయ్య నవ్వలేదు, కోప్పడలేదు. నూనె ఏదని కూడా అడిగి, పల్లీనూనే అని తెలుసుకుని బయటికొచ్చాడు. రెండోచోట అసలు జవాబే రాలేదు. ఈ నవ్వులూ ఈ విసుగూ సరిత ఎన్ని ఊళ్లలో ఒంటరిగా భరించిందో! పక్కనుండి తాను సిగ్గుపడ్డాడే తప్ప ఒక్కసారైనా తోడు నిలబడలేదు.

చివరికి పండ్ల బండి దగ్గర ఆగాడు. తొక్క ఉన్నదానికి ఎవరి గరిటా తగలదు. అక్కడే అమ్ముతున్న పల్లీలకు దూరంగా, పైన వేలాడే గెల నుంచి అరటిపండ్లు కోయించుకున్నాడు. వాటిని దవాఖానా కుళాయి కింద కడిగి, చేతులు మోచేతుల దాకా రుద్దుకుని లోపలికొచ్చాడు. పండ్లు సరితకు అందించాడు.

"నువ్వే పెట్టు బిడ్డా."

సరిత పండ్లను తిప్పి చూసింది. ఆయన చేతులింకా తడిగా ఉన్నాయి. ఒక పండు తెంపి తిరిగి ఆయనకే ఇచ్చింది.

"మీరే పెట్టండి మామయ్యా."

గోపయ్య తొక్క వలిచాడు. నోటి దగ్గరికి తెస్తే లాలి తెరవలేదు.

"తాతా, దీంట్ల పల్లీ ఉందా?"

ఆ పిల్ల ఊరందరినీ అడిగింది గానీ తాతను ఏనాడూ ఆ మాట అడగలేదు. అరటిపండులో పల్లీ ఏమిటని నవ్వాల్సిన మనిషి గోపయ్య. ఆయన కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"లేదు బిడ్డా. అడిగినవ్ సూడు, మంచిగ చేసినవ్. నన్నైనా సరే, ఎప్పుడైనా సరే అడుగు. అమ్మ కాడ ఏదీ దాయకు."

లాలి ఆ మాట విని తల్లి వైపు చూసింది. సరిత తలూపాకే నోరు తెరిచింది.