పక్కవాటా సాక్షి

పద్మకుమారి పిల్లలకు గీతం నేర్పుతుండగా పక్కవాటాలో రేడియో కీచుమంది. ఆమె విసురుగా వెళ్ళి తలుపు తట్టింది.

"ఏటండీ ఈ గోల? పిల్లల శ్రుతి పోతన్నాది."

స్క్రూడ్రైవర్ పట్టుకున్న గణపతిరావు తలెత్తాడు. "దీనికీ శ్రుతి కుదరడం లేదండి. ఇక్కడ కూడా ఓ పాఠం సెప్తారేటి?"

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ సాయంత్రమే ఇంటి యజమాని వేంకటాచలానికి ఫిర్యాదు చేసింది.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, విజయనగరం. నరసన్నపేట నుంచి వచ్చిన గణపతిరావు వీధివైపు వాటాలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పద్మకుమారి తల్లి గున్నమ్మతో వెనకవాటాలో ఉండేది.

వానాకాలం వచ్చేసరికి కోపం చల్లబడింది. ఆమె పాఠం చెప్పే వేళ అతను రేడియోలు ముట్టుకోవడం మానేశాడు. ఒకరోజు వాళ్ళ వాటా కురుస్తుంటే పైకెక్కి పెంకులు సర్దాడు. తడిసి దిగిన అతనికి తువ్వాలు ఇస్తూ ఆమె నవ్వు దాచుకోబోయింది, కుదరలేదు. అతను తల తుడుచుకోవడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాడు.

అంతలో వేంకటాచలం అద్దె రెట్టింపు చేశాడు. గణపతిరావు ఒప్పుకోలేదు. అద్దెల చట్టం ప్రకారం తగిన కారణం కోర్టులో రుజువు చేయనిదే అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించడానికి లేదు. వేంకటాచలం ఓ కారణం పట్టుకున్నాడు. ఇతను ఇరుగుపొరుగును ఇబ్బంది పెట్టే మనిషి అని కేసు వేశాడు. సాక్షి పద్మకుమారి.

సాక్ష్యం చెబితే మీ అద్దె పెంచనని, లేకపోతే తర్వాతి వంతు మీదేనని గున్నమ్మకు కబురు పెట్టాడు. అది తెలిసిన గణపతిరావు, తన సంగతి చూడొద్దని, జరిగింది చెప్పేయమని పద్మకుమారితో అన్నాడు. ఆ రోజు ఆమెకు పాఠం సాగలేదు.

కోర్టులో ఆమె బోనెక్కింది. రేడియో చప్పుడుతో ఇబ్బంది పడ్డ మాట నిజమేనా అని వేంకటాచలం ప్లీడరు అడిగాడు.

"నిజమేనండి. మొదట్లో సానా కోపమొచ్చింది."

"ఇప్పటికీ ఇబ్బందేనా?" అన్నారు మున్సిఫుగారు.

గణపతిరావు తల వంచుకుని ఉన్నాడు. ఆమె అతనివైపే చూసింది.

"నా పాఠమయ్యేదాకా ఆయన రేడియో ముట్టుకోరండి. అయ్యాక ఆ సప్పుడు కోసం నేనే ఎదురుసూస్తాను. ఆయన్ని పంపించేస్తేనే నాకు ఇబ్బంది."

హాల్లో నవ్వులు వినిపించాయి. పద్మకుమారి నవ్వలేదు.

కేసు కొట్టేశారు. తీర్పు విని ఇద్దరూ బయటకొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. ఉన్నది ఒక్క గొడుగు.

"నాకోసం ఎందుకు సెప్పేరండి? ఇక మీ అద్దె మీద పడతాడు."

"పడనీండి. కోర్టు దారి తెలిసింది కదా."

"నేనూ వస్తాను."

"సాచ్చిగానా?"

గణపతిరావు వీధి మలుపు దాకా నడిచాడు. గొడుగంతా ఆమెవైపే పట్టడంతో అతని భుజం నానిపోయింది.

"మీ పెనిమిటిగా," అన్నాడు చివరికి.

పద్మకుమారి గొడుగు పిడి పట్టుకుని ఇద్దరి మధ్యకు జరిపింది. అమ్మతో చెప్పమంది.

గున్నమ్మ బియ్యం ఏరుతూ అతను చెప్పిందంతా విన్నది. గుమ్మంలో నిలబడ్డ కూతురి మొహం చూసి చేట పక్కన పెట్టింది.

"మీ అమ్మని బేగి రమ్మని రాయి, బాబూ," అంది.