ఆపరేషన్ ఎర్త్ వైర్

ఉదయం ఏడున్నరకి డిపార్ట్‌మెంట్ డ్రైవర్‌ని పేపర్ స్టాల్ దగ్గర కాల్చేశారు. సైలెన్సర్ వాడారు. పక్కనే పేపర్ తిరగేస్తున్న మనిషి తలెత్తి కూడా చూడలేదు.

ఎనిమిదికి డిపార్ట్‌మెంట్ చీఫ్, కింద షెడ్డులో ఉన్న మెకానిక్‌ని పైకి పిలిపించాడు. పదకొండేళ్ల సర్వీసులో మెకానిక్ మూడో అంతస్తు మెట్లెక్కడం అదే మొదటిసారి. చీఫ్ ముందు చనిపోయిన డ్రైవర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు. అతను బతికుండగా ఒక్కటీ చెప్పినట్టు మెకానిక్‌కి గుర్తులేదు.

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. హోటల్లో ఒక లెక్కల ప్రొఫెసర్ ఉన్నాడు. సైన్యం వాడబోయే కొత్త కోడ్ మొత్తం ఆయన బుర్రలో ఉంది, కాగితం మీద లేదు. ఒక విదేశీ ముఠా ఆయన్ని ప్రాణాలతో ఎత్తుకుపోవాలని చూస్తోంది. పది గంటలకి ఆయన విమానం ఎక్కాలి. డ్రైవర్ లేడు కాబట్టి కారు మెకానిక్ నడపాలి.

“మిషన్ ఎవరిది సార్?”

“డేగది.”

డేగ అన్నది ఆఫీసులో కోడ్‌నేమ్. ఇంటికొస్తే ఆ మనిషి మెకానిక్‌కి తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. ఆరేళ్లు చిన్నవాడు, ఆరు దేశాలు తిరిగినవాడు. చొక్కా బొత్తాంలో కెమెరా, పెన్నులో మత్తుసూది. అత్తగారింట్లో మెకానిక్ మాట్లాడుతుంటే అందరూ గిన్నెలు జరుపుకుంటారు. డేగ గొంతు సవరించుకుంటే చాలు, గిన్నెల చప్పుడు ఆగిపోతుంది. ఇంట్లో భార్య రోజుకొక్కసారైనా “మా మరిదిగారైతే” అని మొదలుపెడుతుంది. ఆ వాక్యం ఎలా ముగుస్తుందో మెకానిక్ ఎప్పుడూ వినలేదు. ఈలోపే స్పానర్ పట్టుకుని బయటికి పోతాడు.

తొమ్మిదికి హోటల్ ఆవరణలో కారు ఆపాడు. పక్క సీట్లోంచి డేగ దిగాడు. నల్లకళ్లద్దాలు, నీలం సిల్కు స్కార్ఫు ఉన్న ఒకామె ఎదురొచ్చింది. ప్రొఫెసర్‌కి ఇంటర్‌ప్రెటర్.

“గొడుగు మరిచిపోయాను” అంది.

“ఈ వారం వాన లేదు” అన్నాడు డేగ.

కోడ్ సరిపోయింది. ఆమె ముఠాలో ఉంటూ డిపార్ట్‌మెంట్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్. కనీసం డిపార్ట్‌మెంట్ అలా అనుకుంటోంది. ఆమె డేగని చూసి నవ్వింది. మెకానిక్‌ని చూసి, పైన పెద్ద పెట్టె ఉంది, పట్టుకురమ్మంది. డేగ వెంట పైకెళ్లి, పెట్టె మోసుకుని దిగేసరికి ఏడు నిమిషాలు పట్టింది.

ప్రొఫెసర్ వెనక సీట్లో కూర్చున్నాడు. మెకానిక్ కీ తిప్పాడు.

టక్.

అంతే. ఇంజిన్ కదల్లేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ ఒక్కటే టక్.

బ్యాటరీ పోయిందన్నాడు డేగ, అన్నీ తెలిసిన గొంతుతో. మెకానిక్ హెడ్‌లైట్లు వేసి, ఎదుటి గోడ మీద పడిన వెలుతురు చూస్తూ కీ తిప్పాడు. టక్. వెలుతురు చెక్కుచెదరలేదు. బ్యాటరీ నీరసపడితే లైట్లు గుడ్డివైపోవాలి, ఒక్క టక్ కాదు, టకటకా కొట్టుకోవాలి. ఇది బ్యాటరీ కాదు. బానెట్ ఎత్తి, సెల్ఫ్ మోటార్ మీద స్పానర్‌తో రెండు దెబ్బలు వేశాడు. లోపల కార్బన్ పట్టేస్తే ఆ దెబ్బకి వదులుతుంది.

“ఇప్పుడు తిప్పు తమ్ముడూ.”

టక్.

తొమ్మిదీ ఇరవై. టైమ్ అయిపోతోంది, తన కారు అక్కడే ఉంది, అందులో వెళదాం అంది ఇంటర్‌ప్రెటర్. డేగ ప్రొఫెసర్‌ని దింపి అటు నడిపించాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగాడు.

“అన్నయ్యా, మీరు నెమ్మదిగా బాగుచేసుకుని రండి.”

ఆ నెమ్మదిగా అన్న మాట మెకానిక్‌కి ఎక్కడో గుచ్చుకుంది. వంగి, ఇంజిన్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే ఎర్త్ వైర్ పట్టుకున్నాడు. అది చేతిలో ఊగింది. నట్టు ఊడిపోకుండా రెండు చుట్లు మాత్రం ఉంచి విప్పారు. చుట్టూ బురద పొలుసు కట్టి ఉంది, నట్టు అంచులు మాత్రం తళతళలాడుతున్నాయి. బానెట్ తెరవకుండా, ముందు చక్రం వెనక నుంచి చెయ్యి దూరిస్తే అందే నట్టు అదొక్కటే.

చంపదలచుకున్నవాడు బ్రేకు కోస్తాడు. వీళ్లకి కావలసింది ఈ కారు కదలకపోవడం. అంటే ప్రొఫెసర్ ఇంకో కారెక్కడం.

మెకానిక్ తలెత్తాడు. యాభై అడుగుల దూరంలో డేగ ఆమె పక్కన కూర్చుంటున్నాడు. గేటు అవతల ఒక అంబులెన్స్, దాన్లో పనిలేకుండా ఇద్దరు. ఒక్క కేక వేస్తే చాలు. నోరు తెరవలేదు. డేగ వెళ్లిపోతాడు, ఇక రాడు. ఆ ఇంటికి మిగిలేది ఒక్క అల్లుడు. ఊపిరి తీసి వదిలినంతసేపు ఆ ఊహ చల్లగా తగిలింది.

అప్పుడు డ్రైవర్ గురించి చీఫ్ చెప్పిన నాలుగు మాటలు చెవిలో పడ్డాయి. చచ్చినవాడి గురించి ఇంకెవరూ చెడు మాట్లాడరు. డేగ పోతే గోడకి ఫోటోగా ఎక్కుతాడు. భార్య ముప్పై ఏళ్లపాటు “మా మరిదిగారే ఉంటేనా” అంటుంది. బతికున్న తోడల్లుడితో ఎప్పటికైనా నెగ్గవచ్చు. ఫోటోతో ఎవడు నెగ్గుతాడు?

ఊడిన ఎర్త్ వైరుకి బదులు, డిక్కీలోని జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించాడు. రెండో కొస ఇంజిన్ మీది ఇనుప కొక్కేనికి. కీ తిప్పాడు. ఇంజిన్ గర్జించింది. బానెట్ దించే టైమ్ లేదు. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి, ఆమె కారు గేటు దాటబోతుండగా అడ్డంగా తెచ్చి నిలిపాడు. ఆమె కారు ముక్కు అతని డోరులోకి దిగింది.

“తమ్ముడూ, దిగు. ఎర్త్ వైర్ విప్పించింది ఈవిడే.”

ఆమె చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్యాగులో ఉంది. పిస్తోలు సగం బయటికొచ్చేలోపు డేగ పెన్ను ఆమె మణికట్టులో దిగింది. అంబులెన్స్ ఖాళీగా మిగిలింది. దాన్లోని ఇద్దరూ వీధి చివర దొరికారు. ప్రొఫెసర్ విమానం ఎక్కాడు.

డేగ చీఫ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడు, అన్నయ్య లేకపోతే తాను లేనన్నాడు. మెచ్చుకోవడం కూడా ఆ మనిషే బాగా చేశాడని మెకానిక్‌కి ఒళ్లు మండింది. చీఫ్ శ్రద్ధగా విని, డోరు సొట్ట ఎప్పటికి తీస్తావని మెకానిక్‌ని అడిగాడు. ఆమెని వారం రోజులు ప్రశ్నించే డ్యూటీ డేగకి పడింది. ఆమె కారుని తనిఖీ చేసే డ్యూటీ మెకానిక్‌కి పడింది.

షెడ్డులో ఆ కారు బానెట్ ఎత్తి ఒక్కో భాగమూ తడిమి చూశాడు. ఒక్క వైరూ వేలాడటం లేదు. టెర్మినళ్లకి పల్చగా గ్రీజు. బోల్టుల మీద ఎక్కడా స్పానర్ జారిన గీత లేదు. కీ తాకాడో లేదో ఇంజిన్ అందుకుంది. ఈ కారు చూసుకునే మెకానిక్ ఎవడో గాని, తనకంటే పనిమంతుడు.

చూడబోతే, అవతలి పక్షంలో కూడా తనకొక తోడల్లుడున్నాడు.