మంద వెనక నడిచేవాడు

సువార్త మెడలో విజిల్ ఉందంటే చాలు, ప్రపంచమంతా లైన్‌లో నిలబడాలనిపిస్తుంది ఆమెకు.

ఆ పొద్దున ఆమె ముందు కూర్చున్నది మాత్రం ప్రపంచం కాదు. మిషన్ బి.ఇడి. కాలేజీలో కొత్తగా చేరిన పన్నెండు మంది. ఏటా క్లాసులు మొదలయ్యే ముందు కొత్తవాళ్లను మూడు రోజులు రాయదుర్గం అవతల కొండ కిందికి తీసుకొస్తారు. టెంట్లు వేసుకోవాలి, వండుకోవాలి, ప్రార్థన చేసుకోవాలి, కొండెక్కాలి. రేపు బడిలో పిల్లల్ని నడిపించాల్సినవాళ్లు ముందు ఒకరితో ఒకరు నడవడం నేర్చుకోవాలని ప్రిన్సిపాల్ జయచంద్ర గారి పట్టుదల.

లీడర్లు సెకండియర్‌వాళ్లే. వాళ్లను అక్కా, అన్నా అని పిలవాలన్నది మొదటి రూలు. ఆఖరి రోజు పొద్దున ఒక్కొక్కరూ లేచి, ఈ మూడు రోజుల్లో ఎవరికి కృతజ్ఞత చెప్పాలో సాక్ష్యం చెప్పాలన్నది చివరి రూలు.

ఆషాఢం గాలికి ఎగిరిపోతున్న చున్నీని ఒక చేత్తో పట్టుకుని, సువార్త బైబిల్ మూసింది. "చూసినారా? మంచి కాపరి ముందర నడుస్తాడు. గొర్రెలు ఎనక వస్తాయి. లీడరంటే అట్ల ఉండాల!"

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఎవరది? లెయ్!"

పొడుగాటి కుర్రాడు లేచాడు. ఎండకు కమిలిన ముఖం, భుజాన నల్ల కంబళి. పేరు అంజి.

"ఎందుకు నవ్వినావు?"

"ఏం లేదు మేడమ్. నువ్వు ఎప్పుడన్నా గొర్రెల్ని తోలినావా అని."

"మేడమ్ కాదు, అక్కా అనాల."

"సరే మేడమ్."

అందరూ గొల్లుమన్నారు. సువార్త ముక్కు ఎర్రబడింది. "నువ్వు తోలినావా మరి?"

"నడక వచ్చినప్పట్నుంచీ అదే పని. మా నాయన ముందర, నేను ఎనక. ముందర పోయేటోనికి దోవ కనపడతాది గానీ, కుంటే గొర్రె కనపడదు మేడమ్."

సమాధానం బాగుంది. బాగున్నందుకే ఆమెకు ఒళ్లు మండింది. "ఇది గొర్రెల మంద కాదు, కాలేజీ! ఎప్పుడూ ఎనకనే ఉండాలనుకునేవాళ్లు పోయి ఆ మందలోనే ఉండొచ్చు."

నవ్వులు టక్కున ఆగిపోయాయి. అంజి కూర్చున్నాడు. అతని ముఖంలో నవ్వు కూడా అతనితోపాటే కూర్చుండిపోయింది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని సువార్త వాళ్లమ్మ రోజుకు రెండుసార్లు చెబుతుంది. గార్లదిన్నెలో కూలికి పోయి కూతుర్ని చదివించిన మనిషి, ఆమె మాటకు బరువెక్కువ. ఆ బరువు సువార్తకు ఆ పూట తెలిసింది.

సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ కదిరి నుంచి వచ్చిన హేమావతి అసలు సంగతి చెప్పింది. "అక్కా, అంజన్న వాళ్ల నాయనకు ఫోన్ చేసినాడు. ఎల్లుండి పొద్దున వచ్చి తీసుకపొమ్మన్నాడు."

"తీసుకపొమ్మన్నాడా? ఎందుకు?"

"వాళ్లింట్లో డిగ్రీ దాటినోడు ఈయనొక్కడే అంట. నాలుగేండ్లు జీన్సు ప్యాంట్లు కుట్టి ఈ సీటు దాకా వచ్చినాడు. మంద మేతకు కర్ణాటక పక్క పోతాండాదంట. 'మూడు దినాలు చూడు, సరిపడకుంటే వచ్చేయ్' అన్నాడంట వాళ్ల నాయన. సరిపడలేదని చెప్పేసినాడు."

సువార్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయలు తరుగుతున్నది మాత్రం హేమావతి.

క్షమాపణ అడగాల్సిందే. వెతుక్కుంటూ పోయింది. గాలికి చిరిగిన టెంటును ఒళ్లో పెట్టుకుని, అంజి పెద్ద సూదితో కుడుతున్నాడు. కుట్లు మిషన్ మీద వేసినంత నీటుగా ఉన్నాయి. చెప్పాలనుకున్న మాట ఆమె గొంతు దాకా వచ్చింది.

అతను తలెత్తాడు. "ఏం మేడమ్, అక్కా అనలేదని కంప్లైంట్ ఇచ్చేకి వచ్చినావా?"

అంతే, గొంతు దాకా వచ్చిన మాట గిర్రున వెనక్కి తిరిగింది. "నీకు పొగరప్పా!" అని విసవిసా వచ్చేసింది. అదే అదనుగా ఒక మబ్బు ఆమె నెత్తిన లెక్కపెట్టినట్టు పది చినుకులు రాల్చి, కర్ణాటక వైపు వెళ్లిపోయింది. మబ్బులకు కూడా అటే మక్కువ.

*

రెండో రోజు కొండెక్కడం. మ్యాపు పట్టుకుని సువార్త ముందు నడిచింది. అలసట వచ్చినప్పుడల్లా విజిల్ ఊదింది. పైన గాలిమరల దగ్గరికి చేరి లెక్కపెడితే పది మందే ఉన్నారు. అంజి లేడు, హేమావతి లేదు.

ఇద్దరూ కలిసి ఎక్కడ ఆగినట్టు? కడుపులో ఏదో చురుక్కుమంది. ఎండ దెబ్బేమో అనుకుంది. నిజానికి ఎండ కడుపులో తగలదు.

మిగతావాళ్లను నీడన కూర్చోబెట్టి గబగబా కిందికి దిగింది. సగం దారిలో బండరాయి మీద హేమావతి, ముఖం పాలిపోయి కూర్చుని ఉంది. రెండు కర్రలు పాతి, పైన కంబళి పరిచి నీడ చేశాడు అంజి. ఆమె చెప్పుకు తెగిన బొటనవేలి ఉంగటాన్ని కుడుతున్నాడు.

"ఏమైందే?"

"కండ్లు తిరిగినాయక్కా. మూడుసార్లు కూలబడినా. పిలిచినా నీ విజిల్‌కు యినపళ్లేదు. అన్న ఒక్కడే ఆగినాడు."

పొద్దుట్నుంచీ సువార్త ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. అది నిజం, ఎంత సిగ్గుగా ఉన్నా నిజం. మెడలోని విజిల్ తీసి జేబులో వేసుకుంది.

కాసేపటికి హేమావతి తేరుకుని ముందు నడిచింది. ఆమె బ్యాగు సువార్త అందుకుంది. అంజి పక్కనే నడిచింది. పైన అందరినీ కలుపుకుని దిగేటప్పుడు కూడా ఆమె వెనకే ఉండిపోయింది. ఎవరి బ్యాగు బరువో, ఎవరికి బూటు కరుస్తోందో, ఎవరు నీళ్లు అడగడానికి మొహమాటపడుతున్నారో అక్కణ్ణుంచి ఇట్టే తెలిసిపోతోంది.

"ఎనక నుంచి చూస్తే అందరూ కనపడతారు గదా," అంది చిన్నగా.

"ఊఁ. ఎక్కేటప్పుడు నువ్వు గూడా బాగ కనపడతాంటివి."

ఆమె తడబడి ఒక రాయి తన్నుకుంది. "అయితే అక్కా అని ఎందుకు పిలవవు?"

"రేపు చెప్తా."

"రేపు నువ్వు పోతాండావు గదా!"

"అందుకే. ఈ పొద్దు చెప్తే నీ ముందర తల ఎత్తుకోని తిరగల్ల గదా."

*

మూడో రోజు పొద్దున కొండ కింద గంటలు వినపడ్డాయి. మంద వచ్చేసింది. ముందు నడుస్తూ తలపాగా చుట్టుకున్న పెద్దాయన, అంజి నాయన బాలప్ప. సాక్ష్యాలు అవుతున్నాయని తెలిసి, కర్రకు గడ్డం ఆనించి దూరంగా నిలబడ్డాడు. అంజి బ్యాగు సర్దుకునే ఉన్నాడు.

హేమావతి తన చెప్పు ఎత్తి చూపించి మరీ అంజికి కృతజ్ఞత చెప్పింది. తర్వాత సువార్త లేచింది.

"మొన్న నేను కాపరి గురించి చెప్పినా. నాకు గొర్రెల గురించి ఏమీ తెలీదు. తెలిసినాయన్ని అందరి ముందర అవమానించినా. నిన్న నేను వదిలేసి పోయిన మనిషిని ఆయన వదల్లేదు. మా అమ్మ కూడా నన్ను అట్లే ఎనక నుండి నడిపించింది, అది నాకిప్పుడు తెలిసొచ్చింది. దేవుడికి స్తోత్రం. అంజీ, నీకు నా కృతజ్ఞతలు. నన్ను క్షమించు. పోవద్దు."

జయచంద్ర గారు కళ్లజోడు సవరించుకున్నారు. "ముప్పై ఏళ్లుగా సాక్ష్యాలు వింటున్నానమ్మా. చివర్లో 'పోవద్దు' అన్నది ఇదే మొదటిసారి."

బాలప్పకు ఇవేవీ పట్టలేదు. "ఏమప్పా, వస్తాండావా లేదా? మంద నిలబడదు."

అంజి బ్యాగు కింద పెట్టాడు. "లేదు నాయనా. ఈడ కుంటేదొకటి ఉండాది. ఇడిచిపెట్టి వచ్చేకి కాదు."

"యాది?"

అంజి సువార్త వైపు చూశాడు. నిన్న రాయి తన్నుకున్న కాలి వేలికి కట్టు ఉంది మరి. సువార్త పాఠం చెప్పినంత గట్టిగా, "నేనే పెద్దాయనా," అంది.

బాలప్ప ఆమెను కింది నుంచి పైకి చూశాడు. కొడుకును చూశాడు. మీసం చాటున నవ్వాడు. "మీ దేవుడు గూడా గొర్రెల కాపరంట గదమ్మా?"

"అవును."

"అయితే మా మనిషే. వీణ్ణి చదివించుకో తల్లీ. నేను పోయొస్తా."

అప్పుడు కురిసింది వాన. పది చినుకులు కాదు, ఎర్రమట్టి గుప్పుమనేంత అసలు సిసలు వాన. పిల్లలు "స్తోత్రం!" అని కేకలు పెట్టారు. బాలప్ప తలపాగా తీసి ఆకాశానికి దండం పెట్టాడు. ఈ సీమలో వానకు దండం పెట్టడానికి ఏ మతమూ అడ్డురాదు.

బస్సు దగ్గరికి అందరూ వరుసగా నడుస్తున్నారు. చివరన ఒకే కంబళి కింద ఇద్దరు.

"ఇప్పుడు చెప్పు. అక్కా అని ఎందుకు పిలవలేదు?"

"ఒక్కసారి అట్ల పిలిచింటే, ఇంగొక మాట చెప్పేకి అయితాండ్లేదు."

"ఏం మాట?"

"నువ్వంటే నాకు ఇష్టం సువార్తా. నా మీద అరిచినావు చూడు, అంతకు ముందునుంచే."

జవాబు చెప్పాలని ఆమెకూ ఉంది. కానీ నోరు తెరిస్తే నవ్వే వచ్చేలా ఉంది. అందుకని కంబళి అంచు పట్టుకున్న అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

ముందు పోతున్న హేమావతి వెనక్కి తిరిగి చూసింది. "అక్కా, అంజన్నా! బస్సు పోతాది!" అని అరిచి, ఒక్క క్షణం ఆగి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మాట సరిచేసుకుంది.

"అన్నా, వదినా! జాగ్రత్తగా రాండి."