అనసూయమ్మ ముక్కు

ఉదయం ఏడున్నరకే వంటింట్లో ఓవెన్ వేడెక్కింది. వంటిల్లు పేరుకే అనసూయమ్మది. రెండేళ్ళుగా సగం గట్టు కోడలు స్వర్ణలత బిస్కెట్లదే. అట్లకాడ పక్కన పిండి కోసే అచ్చులు వేలాడుతున్నాయి. పప్పు డబ్బాల నెత్తిన బాదం సీసాలు ఎక్కి కూర్చున్నాయి.

"అత్తమ్మా, ఇది జెర చూడండి. స్కాట్లాండ్ వాళ్ళది. మైదా, వెన్న, చక్కెర, అంతే." స్వర్ణలత ఒక బిస్కెట్ విరిచి సగం ముక్క అత్తగారి చేతిలో పెట్టింది.

అనసూయమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు సగం మూసి, గట్టిగా గాలి పీల్చింది. ఆ నటన ఆమెకు బాగానే అలవాటైపోయింది. "కమ్మగున్నది బిడ్డా. వెన్న వాసన మంచిగొస్తున్నది" అంది.

వెన్న వాసన కాదు కదా, ఏ వాసనా రాలేదు. శ్రావణంలో ఒళ్ళు పేలిపోయే జ్వరమొకటి వచ్చింది. అది పోతూ పోతూ ఆమె ముక్కును కూడా వెంట తీసుకుపోయింది. మూడు నెలలుగా అగరుబత్తీ, ఇంగువ పోపు, మల్లెపూలు అన్నీ ఒకటే ఆమెకు. ఈ సంగతి ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ చిలకలగూడ గల్లీలో అనసూయమ్మ ముక్కంటే ఒక గౌరవం. గల్లీ చివర యేసుదాసు బిస్కెట్ల భట్టి ఉంది. మైదా, చక్కెర, నెయ్యి ఇంటి నుంచి పట్టుకెళ్తే, కళ్ళ ముందే కలిపి, ట్రేలలో పేర్చి, కట్టెల పొయ్యిలో కాల్చి డబ్బా నింపి ఇస్తాడు. ట్రేలు కలిసిపోకుండా ఇంటికో గుర్తు ఉంటుంది. ఒకరిది ఫోర్కు గీతలు, ఇంకొకరిది సీసా మూత. అనసూయమ్మది బీరువా తాళంచెవి తల. ముప్పై ఐదేళ్ళుగా ఆమె భట్టి నోటి దగ్గర నిలబడి "ఇగ తియ్ యేసుదాసూ" అంటే గాని అతను ట్రే కదిపేవాడు కాదు. పక్కవాళ్ళ ట్రేలకు కూడా ఆమెనే అడిగేవాడు. ఆమె వెళ్ళే రోజు చూసుకుని గల్లీలో ఆడవాళ్ళు తమ పిండి తెచ్చుకునేవారంటే చూడండి మరి.

ఇంకో కారణం కూడా ఉంది. అది గౌరవం కాదు, భయం. ఆమె అత్త వీరరాఘవమ్మకు చూపు మందగించినప్పుడు ఒకరోజు చారులో ఉప్పుకు బదులు చక్కెర పడింది. "మీరిగ కూసోండి అత్తమ్మా, నేను చూసుకుంట" అని అనసూయమ్మ ఎంతో మర్యాదగా వరండాలో కుర్చీ వేసింది. ఆ కుర్చీలో వీరరాఘవమ్మ తొమ్మిదేళ్ళు కూర్చుంది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఒక్క పనీ చెప్పలేదు. కుర్చీ ఇప్పటికీ వరండాలోనే ఉంది. అనసూయమ్మ దానిమీద తడి తువ్వాళ్ళు ఆరేస్తుంది గాని, కూర్చోదు.

రేపు పొద్దున తొమ్మిదింటికి ఎలీనా మేడం నడిపే బడిలో పండుగ. తరగతికో దేశం వేషం కడుతున్నారట. దానికి ఆరు దేశాల బిస్కెట్లతో నూట ఇరవై డబ్బాలు కావాలంది మేడం. ఇంత పెద్ద పని స్వర్ణలత చేతికి రావడం ఇదే మొదలు. రైల్వే ఆఫీసులో పనిచేసే ఆమె భర్త దయాకర్ డబ్బాలు కట్టడానికని ఇవాళ సెలవు కూడా పెట్టాడు. ఐదు దేశాలవి తయారయ్యాయి. ఇటలీ వాళ్ళవి రెండుసార్లు కాలుస్తారంటే "ఒకపారి కాల్చింది మళ్ళ కాల్చుడేంది, ఆళ్ళకేం పని లేదా?" అని అనసూయమ్మ ఆశ్చర్యపోయింది. ఇరాన్ వాళ్ళ శనగపిండి బిస్కెట్ చూసి "ఇది మన బేసన్ లడ్డుకు చుట్టమే" అంది. ఇలాంటి మాటలకు స్వర్ణలత ఒకప్పుడు పడి పడి నవ్వేది. ఈ మధ్య నవ్వడం మానేసింది. పోయిన వారం పాడైన వెన్నను అత్తగారు "మంచిగున్నది" అనడంతో ఒక వాయి మొత్తం పారబోయాల్సి వచ్చింది. అంతకు ముందు ఏలకుల పొడి అడిగితే సోంపు పొడి అందించింది. కోడలు పైకి ఏమీ అనలేదు గాని, మనసులో పెట్టుకుంది.

పదకొండింటికి స్వర్ణలత చున్నీ సర్దుకుంటూ వచ్చింది. "అత్తమ్మా, మీ కొడుకు బండి మీద జనరల్ బజార్ పోయి రిబ్బన్లు తెస్త. జర్మనీ వాళ్ళ చుక్కల బిస్కెట్లు ఓవెన్‌ల ఉన్నయి. బెల్లం పాకం, అల్లం, లవంగం వేసిన. పిండే నల్లగుంటది, రంగు చూసి చెప్పలేం. లవంగం వాసన హాల్లకు రాంగనే ఆపేయండి."

"ఎంతసేపు పడతది?" అడిగింది అనసూయమ్మ.

"కొత్త పిండి, చెప్పలేను. టైమర్ సుత పాడైంది. అయినా మీ ముక్కు ఉండంగ టైమరెందుకు?"

ఆ ఒక్క మాటకు అనసూయమ్మ నోరు కట్టేసినట్టయింది. "సరే, పోయి రా" అనేసింది.

ఓవెన్ ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. అద్దంలోంచి నక్షత్రాల అచ్చుతో కోసిన నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయి. పెట్టినప్పుడు నలుపే, ఇప్పుడూ నలుపే. గోడ గడియారం పదిహేను నిమిషాలు చూపింది. తీద్దామా అనుకుంది. పచ్చిగా ఉంటే గుట్టు బయటపడుతుందని ఆగింది. ఇంకో ఐదు నిమిషాలు, ఆపైన ఇంకో ఐదు. అద్దం వెనక సన్నటి పొగ కనబడి ఆమె లేచేసరికి ఓవెన్‌లో టప్పుమని ఏదో పేలి దీపం ఆరిపోయింది. సరిగ్గా అప్పుడే స్వర్ణలత ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తుకొచ్చింది, వెనకే దయాకర్.

"అత్తమ్మా! కింద గేటు కాడికే మాడు వాసన! మీరు ఈడ్నే కూసున్నరా?"

అనసూయమ్మ మసిగుడ్డతో ట్రే బయటికి లాగింది. అందులో ఉన్నవి బొగ్గులు.

"అమ్మా, ఏమైందే?" దయాకర్ ట్రే అందుకున్నాడు.

"కునుకు పట్టింది."

"కండ్లు తెరుచుకోని కునుకు పట్టిందా?" స్వర్ణలత గొంతు పెంచింది. "నేను అచ్చేసరికి ఓవెన్ దిక్కే చూస్తున్నరు గద! పాడైన వెన్నను మంచిదన్నరు, ఊకున్న. సోంపు ఇచ్చిన్రు, ఊకున్న. గల్లీల ఎవరి పిండి మాడకుండ చూసే ముక్కు మీది. నా పిండే మాడిందా అత్తమ్మా?"

"గట్ల కాదు బిడ్డా..."

"మరి ఎట్ల? చెప్పండి."

ఒక్క మాట చెబితే అయిపోయేది. చెడ్డ అత్తకు ఇంట్లో చోటుంటుంది, పనికిరాని అత్తకు వరండాలో కుర్చీ ఉంటుంది అనుకుంది అనసూయమ్మ. తల వంచుకుంది.

ఆ మౌనం స్వర్ణలతకు జవాబులాగే వినబడింది. కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. "రేపటి పని అయిపోనీయండి. బోయిన్‌పల్లిల మా అక్క ఇంటి మీద రూం ఖాళీగున్నది. ఓవెన్ ఆడ పెట్టుకుంట. నేను సుత ఆడ్నే ఉంట."

"ఏంది స్వర్ణా, ఇల్లు ఇడిచిపోయేంత ఏమైంది?"

"ఇష్టం లేని కాడ ఎన్నొద్దులు ఉండాలె?"

దయాకర్ తల్లిని చూశాడు, భార్యను చూశాడు, ఇద్దరిలో ఎవరి పక్కకు పోయినా తప్పేనని తెలిసి ఫ్రిజ్ తలుపు తీశాడు. "పిండి ఇంకా చాన ఉన్నది. ఈ ఓవెన్ ఇయ్యాలటికి లేవది. భట్టికి తీస్కపోదాం. యేసుదాసు ఒక్క వాయిల తీస్తడు. అమ్మ పక్కకుంటే మాడదు."

"రమ్మనండి" అంది స్వర్ణలత. "నలుగురి ముందల ఎట్ల మాడబెడ్తరో నేను సుత చూస్త."

*

నాలుగింటికి భట్టి దగ్గర మరో ఇద్దరు ఆడవాళ్ళు పిండి గిన్నెలతో వరసలో ఉన్నారు. అనసూయమ్మను చూడగానే యేసుదాసు నెరిసిన గడ్డంలోంచి నవ్వాడు. "ఏందమ్మా, మూడు నెలలాయె, మొకమే చూపలే?"

"పానం బాగలేకుండె" అని ఊరుకుంది అనసూయమ్మ.

స్వర్ణలత పిండి పరిచి చుక్కలు కోసింది. అనసూయమ్మ చెయ్యి అలవాటు కొద్దీ కొంగుకు కట్టిన తాళంచెవి తీసి ఒక్కో చుక్క మీద నొక్కుకుంటూ పోయింది. కోడలు ఒక చూపు చూసి, గుర్తు లేకపోతే ట్రేలు కలిసిపోతాయని ఏమీ అనలేదు. ట్రేలు లోపలికి వెళ్ళాయి. పొడుగాటి కర్ర చేతపట్టి యేసుదాసు నిలబడ్డాడు. కాసేపటికి వెనక్కి తిరిగాడు.

"ఏమంటవమ్మా? తియ్యాల్నా?"

అందరూ ఆమె వైపే చూశారు. అనసూయమ్మ గాలి పీల్చింది. వేడి తగిలింది, అంతే. ఉజ్జాయింపుగా ఏదో ఒకటి అనొచ్చు. కుదిరితే ఎవరికీ తెలియదు. కుదరకపోతే? పక్కన స్వర్ణలత మోచేతుల దాకా పిండితో, పెదవులు బిగబట్టి, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా ఉంది. ఆ పిల్ల రెండేళ్ళ కష్టం ఆ పొయ్యిలో ఉంది. ఆ ముఖం చూశాక కుర్చీ భయం చిన్నదైపోయింది.

"నాకు తెల్వది యేసుదాసూ."

"ఏందమ్మా?"

"నాకు వాసన రాదు." కోడలి వైపు తిరిగింది. "జ్వరమొచ్చిన కాడికెల్లి ఏ వాసన రాదు. వెన్న పాడైంది తెల్వలే. సోంపని తెల్వలే. పొద్దుగాల మాడుతుంటే ఎదురుంగ కూసోని సుత తెల్వలే. నేను కావాలని చెయ్యలే స్వర్ణా. ఒట్టు బిడ్డా."

యేసుదాసు కర్రతో ఒక చుక్కను బయటికి లాగి, గాలిలో రెండు ఊపులు ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. మళ్ళీ పొయ్యిలోకి తొంగి చూశాడు. "ఇంకో రెండు నిమిషాలు" అన్నాడు. తర్వాత తాపీగా అన్నాడు: "నా ముక్కు పోయి ఇరవై ఏండ్లాయె అమ్మా."

"ఏందీ?"

"ఇన్నేండ్లు ఈ పొగల నిలబడ్డంక ముక్కేడుంటది? అందుకే గద అందరి ట్రేలకు నిన్నడుగుడు."

"మరి నేను రాని రోజు?"

"విరిచి చెవితోని ఇంట. పచ్చిగుంటే చప్పుడు చెయ్యది. కాలితే టక్కుమంటది."

"ఇన్నేండ్లు నాకొక్క మాట చెప్పకపోతివి!"

"భట్టి మేస్త్రికి ముక్కు లేదంటే పిండి ఎవరు తెస్తరమ్మా?" అంటూ నాలుక్కరుచుకుని, వరసలో ఉన్న ఆడవాళ్ళ వైపు బిత్తరగా చూశాడు. వాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకు స్వర్ణలత మైదా బస్తా మీద కూలబడింది. మొదట నవ్వింది, ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. "అంటే మీకు నేనంటే పడక కాదా అత్తమ్మా? నా పని నచ్చక కాదా? రెండు వారాలకెల్లి అన్నం సయిస్తలేదు నాకు, ఏం తప్పు చేసిన్నో తెల్వక."

"నువ్వు తప్పు చేసుడేంది పిచ్చిదానా" అనసూయమ్మ వంగి, పిండి చేతులతో సహా కోడల్ని దగ్గరికి తీసుకుంది. మూడు నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయి ఆమెకు ఊపిరి హాయిగా ఆడింది.

స్వర్ణలత ఉన్నట్టుండి తలెత్తింది. "ఉండండి ఉండండి. వాసన రాకుండనే మూడు నెలల నుంచి గ్యాస్ పొయ్యి ముట్టిస్తున్నరా? లీకైతే ఎట్ల? ఎంత పరేషాన్ చేసిన్రు!"

"చెప్తే కూసోబెడ్తవని చెప్పలే." అనసూయమ్మ గొంతు తగ్గించింది. "మా అత్తమ్మను వరండాల కూసోబెట్టిన గద. తొమ్మిదేండ్లు. గా కుర్చీ నాకోసమే ఉన్నదనిపిస్తది."

స్వర్ణలత చేతుల పిండి దులుపుకుని లేచింది. "కూసోబెడ్త" అంది. "ఏడ కూసోబెట్టాల్నో ఇంటికి పోయినంక చెప్త."

వెనక యేసుదాసు ఇంకో చుక్క విరిచాడు. ఈసారి టక్కుమంది.

*

డబ్బాలు కట్టడం పూర్తయ్యాక అనసూయమ్మ వరండాలోకి వచ్చి చూస్తే కుర్చీ లేదు. గాభరాగా లోపలికి వెళ్ళింది. కుర్చీ వంటింట్లో ఉంది, ఓవెన్‌కు ఎదురుగా. దయాకర్ దాని కాళ్ళు తుడుస్తున్నాడు. స్వర్ణలత మీద మెత్త వేస్తోంది.

"మీ జాగ ఇది" అంది స్వర్ణలత. "పొయ్యి ముట్టించుడు నేను చూస్త. మిగిలినవన్నీ మీరు చెప్పాలె."

అనసూయమ్మ కుర్చీ చేతిని పట్టుకుంది. ఆ చెక్క వీరరాఘవమ్మ అరచేతుల కింద నున్నగా అరిగింది. ఆ రోజు తాను దీన్ని రెండడుగులు లోపలికి జరిపి ఉంటే సరిపోయేది. ఆ సంగతి తనకు అప్పుడు తోచలేదు. "తప్పయింది అత్తమ్మా" అని పైకే అంది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. ఏడ్చినంతసేపు ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

మర్నాడు డబ్బాలు బడికి దింపి వస్తూ దయాకర్ తల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. వాసన మెల్లగా తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చని ఆయన చెప్పాడు. గ్యాస్ లీకైతే కూతపెట్టే పరికరం ఒకటి గోడకు పెట్టుకోమన్నాడు. మధ్యాహ్నం ఎలీనా మేడం ఫోన్ చేసింది.

"డబ్బాలన్నీ ఖాళీ స్వర్ణలతా! పిల్లలు ఒకటే అడుగుతున్నారు. చుక్క మీద తాళంచెవి గుర్తుంది కదా, అది ఏ దేశానిదమ్మా?"

"చిలకలగూడది మేడం. మా అత్తమ్మది."

సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ ఓవెన్ బాగుచేసి వెళ్ళాడు. స్వర్ణలత కొత్త వాయి పెట్టింది. కాసేపటికి ఒక బిస్కెట్ తీసి, ఉఫ్ ఉఫ్ మని ఊది, కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి చెవి దగ్గర విరిచింది.

అనసూయమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు నిమిషాలు గడిచాయి. స్వర్ణలత ఇంకొకటి విరిచింది.

టక్.

"ఇగ తియ్ బిడ్డా" అంది అనసూయమ్మ.