పాడుపెట్టిన ఇంటి వెల

ఒకే ఇంటికి మూడు వెలలుంటాయని యోగానందకు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసింది. ఆ మూడింటిలో ఒక్కటీ ఆ ఇంట్లో ఉండేవాడు చెప్పేది కాదని రెండో నెలలో తెలిసింది.

అది తొంభై ఏడు, మే నెల. రేణిగుంటకు ఆరు మైళ్ల దూరంలో రాళ్లమిట్ట అని ఒక ఊరు. అరవై రెండు ఇళ్లు. ఊరి మీదుగా పెద్ద రోడ్డు పోతుందని కాగితం వచ్చింది. కాగితం వెనక జీపులో అసిస్టెంట్ ఇంజనీరు సంపత్కుమార్ వచ్చాడు. ఆయన వెనక కొలతల టేపు పట్టుకుని యోగానంద. డిప్లొమా చదివి, రోజుకూలీ మీద పనిచేస్తున్న కుర్రాడు. తిరుపతిలో హాస్టలు గోడల నిండా ‘ఇల్లు సరుకు కాదు, మనిషి హక్కు’ అని ఎర్రరంగుతో రాసినవాడు. ఇప్పుడు జనం ఇళ్లకు రేట్లు రాస్తున్నాడు. టేపు కొసను నొక్కిపట్టే ఎడమ బొటనవేలి మీద, చిన్నప్పుడు కొడవలి తెగిన గాటు అడ్డంగా, తెల్లగా ఉండేది.

ఆ రోజు వాళ్లు మునిరత్నం ఇంటికి వచ్చారు. రాతిగోడల పాత మిద్దె. తలుపుకు తాళం, గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప. ఇంటివాళ్లు ఎదురుగా పశువుల కొట్టంలో గోనెపట్టాలు కట్టుకుని ఉంటున్నారు.

“మా ఇంటికి యా లెక్క కడతాండారు సార్?” అని అడిగాడు మునిరత్నం.

“మూడున్నాయయ్యా,” అన్నాడు సంపత్కుమార్ తాపీగా. “రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకం ప్రకారం ఇరవై రెండు వేలు. పక్కన అమ్ముడుపోయిన ఇంటితో పోలిస్తే ఇరవై. ఇంజనీరు లెక్కలో కొలతను రేటుతో గుణించి, ఇంటి వయసుకు తరుగు తీసేస్తే పద్నాలుగు వేల ఆరొందలు. ఏది తక్కువో అది.”

“ఇరవై ఏంది సార్? కుప్పయ్య ఇల్లు ఎనబై అయిదు వేలకు పోయినాది. దుడ్డు నా కండ్ల ముందర ఎంచినారు.”

“దస్తావేజులో ఇరవై అనే ఉంది.”

“స్టాంపు ఖర్చు తగ్గాలని అట్ల రాపిచ్చినారు. అందురూ అట్లనే రాపిస్తారు గదా!”

“అందుకే అందురికీ అట్లనే ఇస్తాము,” అని వెక్కిరించాడు సంపత్కుమార్.

కొట్టంలోంచి మునిరత్నం భార్య తల బయటికి పెట్టింది. “ఇట్లాంటి ఇల్లు మళ్లా కట్టుకోవాలంటే ఎంతైతాదో, ఆ లెక్క మీ పుస్తకాల్లో యాడా లేదా సార్?”

లేదు. ఆ లెక్క ఏ ప్రభుత్వానికీ అక్కర్లేదు. పేదవాడు నాలుగు రూపాయలు మిగులుతాయని ఆడిన ఒక్క అబద్ధాన్ని మాత్రం అది బీరువాలో భద్రంగా దాచి, సమయం చూసి తీస్తుంది.

“దానికన్నా ముందు ఇంకో సంగతి,” అన్నాడు సంపత్కుమార్. “ఇంట్లో కాపురం లేదు. కాపురం లేని ఇంటికి రాళ్లకూ దూలాలకూ మాత్రమే వెల. ఇళ్లు పోయినవాళ్లకిచ్చే కొత్త కాలనీలో స్థలం రాదు.”

మునిరత్నం మొహం పాలిపోయింది. “కాపురం లేక కాదు సార్. మాయమ్మ రుక్మిణమ్మ రెండు నెల్ల కిందట పోయినాది. నచ్చత్రం మంచిది కాదన్నారు. ఆర్నెల్లు ఇల్లు పాడుపెట్టినాము.”

అలాంటి చావుకు శవాన్ని గుమ్మంలోంచి తీసుకుపోరు. వంటింటి వెనక గోడకు కన్నం కొట్టి, అందులోంచి దాటించి, ఎర్రమట్టితో పూడ్చేశారు. పోయిన మనిషికి తిరిగొచ్చే దారి తెలియకూడదని. సంపత్కుమార్ ఇంటి చుట్టూ తిరిగి ఆ మట్టి అతుకును చూసి, గోడ దెబ్బతిన్నదని రాసుకుని ఇంకో ఆరొందలు తగ్గించాడు.

“మా ఫారంలో నక్షత్రాలకు గడి లేదయ్యా,” అని జీపెక్కాడు. ఆయన ఇంట్లో గోళ్లు తీసుకోవాలన్నా పంచాంగం చూస్తారు. “యోగానందా, నేను భోంచేసి వస్తా. ఫారం నింపు. చూసిందే రాయి.”

జీపు దుమ్ము అణగకముందే యోగానంద మునిరత్నం మీద విరుచుకుపడ్డాడు. “వాళ్ల పుస్తకాలు ఒక సంకెల, మీ నక్షత్రాలు ఇంకో సంకెల! ఉన్న ఇంటిని మీరే వదిలేసి కొట్టంలో పడుంటే వాళ్లు దోచుకోరా? తాళంచెవి ఇయ్యి. లోపల పొయ్యి, గిన్నెలు, బట్టలు ఉంటాయి కదా. కాపురమున్న ఇల్లని రాస్తా.”

మునిరత్నం పెళ్లాం వైపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. మొలతాడుకున్న తాళంచెవిని విప్పి ఇచ్చాడు.

“లోపల ఎవురన్నా పిలిస్తే పలకొద్దు సార్,” అన్నాడు చిన్నగా.

యోగానంద నవ్వి, ముళ్లకంప లాగేశాడు.

మిట్టమధ్యాహ్నం. ఊళ్లో కుక్క కూడా మొరగడం లేదు. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే కళ్లు గుడ్డివయ్యాయి. బయట అంత ఎండ... లోపల అంత చీకటి. రెండు నెలలు మూసిన ఇల్లు ఎలుకల వాసన, బూజు వాసన వేయాలి. ఇది పొగ వాసన వేస్తోంది. అప్పుడే ఆర్పిన పొయ్యి వాసన. దాని కింద పచ్చిమట్టి వాసన. మిద్దె కప్పులో ఉన్న చిన్న కన్నంలోంచి ఒక వెలుతురు కడ్డీ దిగి, నేల మీద రూపాయి బిళ్లంత పడింది. ఆ వెలుతురులో నేల తడిగా ఉంది. ఎవరో అలికినట్టు.

కొలవడానికి ఇద్దరు కావాలి. ఒక్కడే కాబట్టి టేపు కొస మీద రాయి పెట్టి, దాన్ని చుట్టిన డబ్బా పట్టుకుని వెనక్కి నడిచాడు. హాలు పన్నెండడుగులు. రాసుకున్నాడు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గర కొస పెట్టి, రాయి కోసం తడుముకున్నాడు. రాయి దొరకలేదు. సరే, తర్వాత చూద్దామని డబ్బాతో వెనక్కి జరిగాడు.

టేపు బిగుసుకుంది.

నేల మీద వదులుగా పడివున్న గుడ్డ టేపు, మోకాలి ఎత్తుకు లేచి, తీగలా బిగిసి నిలిచింది. అవతలి కొస వంటింటి చీకట్లో ఉంది. అక్కడ ఎవరో పట్టుకున్నారు.

“యా లెక్కన కడతాండావు నాయనా?”

ముసలి గొంతు. గుసగుస.

మొదట అతనికి భయం కాదు, కోపం వచ్చింది. ఎవరో ముసలి చుట్టాన్ని లోపల పెట్టి తాళం వేశారు!

“ఎవరవ్వా నువ్వు?” అన్నాడు. పలికేశాడు.

“ఇంట్లోదాన్ని.”

“ఒక్కదాన్నే వదిలేసినారా?”

టేపు ఒక అడుగు లోపలికి జరిగింది. అతని చేతిలో డబ్బా కిర్రుమంది.

“గోడలు కొలిస్తే ఇల్లు తెలస్తాదా? ఎంతమంది ఉండారో రాసుకో. ఇంటికి అదే లెక్క.”

“ఎంతమంది ఉన్నారు?”

“ఇంతవరకూ... ఒగదాన్నే.”

యోగానంద ఫారంలో ‘నివాసులు’ అన్న చోట ఒకటి అని వేశాడు. చీకట్లో అంకె వంకరపోయింది. వేలిముద్ర కావాలి. ఫారాన్ని, సిరా ప్యాడును గుమ్మం మీదుగా చీకట్లోకి తోశాడు. అయిదు వేళ్లు వచ్చాయి. ముడతల వేళ్లు, గోళ్ల నిండా ఎర్రమట్టి. సిరా ముట్టలేదు. బొటనవేలిని నేల మీద రుద్ది, కాగితం మీద ఒత్తాయి.

కాగితం కోసం అతను ఎడమచెయ్యి చాపాడు. ఆ వేళ్లు అతని బొటనవేలిని పట్టుకున్నాయి. చల్లగా... తడిగా... ఊపిరి రెండుసార్లు తీసుకునేంతసేపు.

అప్పటికి కళ్లకు చీకటి అలవాటైంది. వంటింట్లో ఎవరూ లేరు. పొయ్యిలో ఒక నిప్పుకణిక. వెనక గోడకు మట్టి అతుకు. రెండు నెలల కిందటి మట్టి... తడిగా నిగనిగలాడుతోంది. దాని నిండా అరచేతుల అచ్చులు. తోసిన అచ్చులు కావు. లోపలినుంచి గట్టిగా మెత్తి, మూసుకున్న అచ్చులు.

కాగితాన్ని గుంజుకుని పరుగెత్తాడు. టేపు వదిలేశాడు. వెనక అది ఒక్కొక్క అడుగే చీకట్లోకి పోతున్న చప్పుడు... గుమ్మం దాకా వినిపించింది.

మునిరత్నం అతని మొహం చూసి అర్థం చేసుకున్నాడు. “పలికినావా సార్?”

యోగానంద చేతిలోని ఫారాన్ని చూసుకున్నాడు. ఫారం చింపేస్తే ఖాళీ ఇల్లు. ఇస్తే కాపురమున్న ఇల్లు, వీళ్లకు స్థలం. చూసిందే రాశాను కదా అనుకున్నాడు. సంపత్కుమార్ జీపు తిరిగి రాగానే మడిచి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన చదవకుండానే కట్టలో కలిపేశాడు.

జులైలో జాబితా అతికించారు. కొత్త కాలనీలో పదిహేడో నంబరు స్థలం, రుక్మిణమ్మ. కాగితాల్లో ఇల్లు ఇంకా ఆమె పేరు మీదే ఉంది.

మునిరత్నం ఆఫీసుకు వచ్చాడు. యోగానంద అక్కడే బల్ల పక్కన నిలబడి ఉన్నాడు.

“ఆమే స్వయంగా వచ్చి తీసుకోవాలి,” అన్నాడు సంపత్కుమార్.

“మాయమ్మ సచ్చిపోయినాది గదా సార్.”

“అయితే మరణపత్రం తీసుకురా. కానీ అందులో తేదీ మార్చి నెలది ఉంటుంది. మే నెలలో మేము కొలిచినప్పుడు ఇల్లు ఖాళీ అని తేలుతుంది. స్థలం రద్దు.”

“అంటే సచ్చిపోయినాదంటే నేను కొట్టంలోనే. బతికుండాదంటే స్థలం ఆమెది. మాకు ఇల్లు యాడ సార్?”

సంపత్కుమార్ ఫారం తీసి చూశాడు. “ఆమె రాలేకపోతే ఆ ఇంట్లో ఉండే రెండో మనిషికి ఇస్తాము. పిలుచుకురా.”

“రెండో మనిషి ఎవురు?”

ఫారం ఇటు తిప్పాడు. నివాసులు, రెండు. యోగానంద రాతే. వంకర కూడా అతనిదే. కింద ఎర్రమట్టితో రెండు వేలిముద్రలు. ఒకటి ముడతలది. రెండోదానికి అడ్డంగా ఒక తెల్లగీత.

మునిరత్నం చాలాసేపు ఆ గీతను చూశాడు. తర్వాత తల ఎత్తి, బల్ల అంచును పట్టుకున్న యోగానంద ఎడమచేతిని చూశాడు.

“మా ఇంటికి యా లెక్క కట్టినావు సార్?” అన్నాడు.

యోగానంద చెయ్యి లాక్కుని జేబులో పెట్టుకున్నాడు. ఆ రెండు నెలలూ రోజూ సబ్బుతో, రాయితో రుద్దుతూనే ఉన్నాడు. జేబు గుడ్డ చెమ్మగిల్లింది. గాటులో ఉన్న మట్టి ఇంకా ఆరలేదు.